పాత పడవ ఇంజనుకు విడిభాగములు సంపాదించుట

నడచుచున్న ఇంజను ఆగిపోవుట ఒక కష్టము. మరమ్మతుకు కావలసిన భాగమును కంపెనీవారు చేయుట మానివేసిరని తెలియుట అంతకు మించిన కష్టము. అట్టి సమయమున, పాత ఇంజనును తూకమునకు అమ్మివేసి కొత్తది కొనుడని సలహా చెప్పువారు చాలమంది ఉందురు. ఆ సలహా కొన్ని వేళల మంచిదే కావచ్చును. కాని తగినట్లు వెదకక మునుపే దానిని పాటించుట నష్టము.

ఇంగ్లండులోని కాలువలపై పాత డీజిలు పడవలను నడపువారు ఈ చిక్కును ఏండ్ల తరబడి ఎదుర్కొని, భాగములు వెదకుటకు ఒక క్రమమైన పద్ధతిని ఏర్పరచుకొనిరి. ఆ పద్ధతిని ఇచట వివరించుచున్నాము. వారికి కావలసిన భాగములలో కొన్ని మన దేశమునుండియే పోవుచుండుట ఒక విశేషము. బావిగట్టున ఆయిలు ఇంజను ఉన్న రైతులకును ఈ పద్ధతి ఉపయోగపడును.

నారోబోటు అనగా నేమి?

గోదావరి, కృష్ణా డెల్టాలలో లాకులను చూచినవారు ఇంగ్లండు కాలువలను సులభముగా ఊహించుకొనగలరు. 18వ శతాబ్దమున జేమ్సు బ్రిండ్లీ మొదలగు ఇంజనీర్లు ఆ దేశపు మధ్య భాగమున త్రవ్వించిన కాలువలలో చాలవాటి లాకులు 7 అడుగుల వెడల్పు మాత్రమే కలవి. వాటిలో పట్టుటకై పడవలను సుమారు 6 అడుగుల 10 అంగుళముల వెడల్పున, 70 అడుగులు మొదలు 72 అడుగుల వరకు పొడవున కట్టిరి. ఇట్టి సన్నని పడవకే నారోబోటు అని పేరు. బొగ్గు మొదలగు సరుకులతో నిండిన ఈ పడవలను తొలుత గుర్రములు లాగెడివి. 20వ శతాబ్దపు ఆరంభమునుండి వాటిలో ఇంజనులు ప్రవేశించినవి.

బ్రిటనులోని కాలువలలో అధిక భాగము 1948లో ప్రభుత్వపరమైనవి. తరువాత లారీల పోటీవలన సరుకు రవాణా క్షీణించి, 1970 ప్రాంతమునకు ఇంచుమించు ఆగిపోయినది. కాని పడవలు పోలేదు. 2012 నుండి ఇంగ్లండు, వేల్సు దేశములలోని కాలువలను, కొన్ని నదులను కలిపి సుమారు 2,000 మైళ్ల జలమార్గమును కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అను ధర్మసంస్థ నిర్వహించుచున్నది. దానిపై 30 వేలకు పైగా పడవలున్నవి. వేలాది జనులకు పడవయే నివాసము.

అట్టివారికి ఇంజను పాడగుట అనగా పడవ నిలిచిపోవుట మాత్రమే కాదు. చాల పడవలలో దీపములకు కావలసిన బ్యాటరీలను నింపునది ఇంజనే. కాలువనుండి పారు నదిలోనికి పోయినప్పుడు ఇంజను ఆగినచో, ప్రవాహము పడవను ఆనకట్ట మీదికి త్రోసికొనిపోవు అపాయము కలదు. కనుకనే వారు భాగముల విషయమున ఏదో ఒకటి తగిలించి కాలము గడుపుటకు ఇష్టపడరు.

కొత్త ఇంజను పెట్టరాదా?

పెట్టవచ్చును. కాని పాత ఇంజను నిమిషమునకు తక్కువ చుట్లు తిరిగి, ప్రొపెల్లరు అను పెద్ద నీటి పంకాను నిదానముగా త్రిప్పును. నేటి ఇంజను చిన్నది, వేగము కలది. దానిని పెట్టినచో గేరుబాక్సు, షాఫ్టు, పంకా, ఇంజను క్రింది దిమ్మలు, నీటిని చల్లార్చు ఏర్పాటు అన్నియు మార్చవలసి రావచ్చును. ఒక పిస్టను రింగు కొరకు మొదలైన పని పడవ అడుగువరకు పోవును. అందువలన పాత ఇంజను యొక్క ముఖ్యమైన ఇనుము గట్టిగా ఉన్నంతవరకు భాగములు వెదకుటయే లాభము.

మొదటి పని: ఇంజనును గుర్తించుట

భాగమునకై పోవుటకు ముందు ఇంజను ఏదో నిశ్చయముగా తెలియవలెను. "ఒక పాత రెండు సిలిండర్ల ఇంజను" అని చెప్పినంతమాత్రమున ఏ వ్యాపారియు భాగమును ఇయ్యలేడు. ఇంజనుకు తగిలించిన ఇత్తడి లేక అల్యూమినియం ప్లేటు మీద కంపెనీ పేరు, రకము, వరుస సంఖ్య, అశ్వశక్తి, నిమిషమునకు చుట్లు చెక్కబడి యుండును. దానిమీది రంగును గరుకు కాగితముతో రుద్దరాదు, అక్షరములు అరిగిపోవును. కిరోసినులో తడిపిన గుడ్డతో మెల్లగా తుడిచి, సంఖ్యను వ్రాసికొని, ఫోటో కూడ తీసికొనవలెను.

ప్లేటు లేనిచో ఇంజను దిమ్మ మీద పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన సంఖ్యలను చూడవలెను. ఇవి ఆ పోత ముక్కకు సంబంధించిన సంఖ్యలు. ఇంజను వరుస సంఖ్య వేరు. రెంటిని కలిపి పొరబడరాదు. తరువాత సిలిండరు వ్యాసము, పిస్టను నడక కొలచినచో రకము చాలవరకు తేలిపోవును.

నారోబోట్లలో కనబడు పాత ఇంజనులు కొన్ని కుటుంబములకు చెందినవి. స్వీడనులో తయారైన బోలిండరు మిక్కిలి పాతది, ఒకే సిలిండరు కలది. దాని తలను దీపపు మంటతో బాగుగా కాచి ప్రారంభించవలెను. 1930 దశకమున గ్రాండు యూనియను కాలువ రవాణా కంపెనీ తన పడవలలో రసెల్ న్యూబెరీ, నేషనల్ అను ఇంజనులను పెట్టినది. మాంచెస్టరు చెంత తయారైన గార్డనరు ఇంజనులు మన్నికకు పేరుపొందినవి. డర్స్లీ పట్టణమున 1867లో స్థాపింపబడిన లిస్టరు కంపెనీవారి ఇంజనులు, వాటిలోను గాలితో చల్లబడు ఎస్.ఆర్. రకములు, విహారపు పడవలలో విరివిగా చేరినవి. మోటారు వాహనముల కొరకు చేసిన బి.ఎం.సి. 1.5, 1.8 లీటర్ల డీజిలు ఇంజనులను కూడ పడవకు తగినట్లు మార్చి వాడిరి.

ఇంజను ఒకటి, ఉద్యోగములు అనేకము

ఈ వ్యాసమున ముఖ్యముగా గ్రహింపదగిన సంగతి ఇది. పడవ కొరకే పుట్టిన ఇంజనులు కొద్ది. అదే ఇంజను ఒకచోట పంపును త్రిప్పును, ఒకచోట విద్యుత్తు పుట్టించును, ఒకచోట ట్రాక్టరును లాగును. కావున భాగమును పడవ సామగ్రి అంగడిలో మాత్రమే వెదకువాడు తక్కువ దారిలో ఎక్కువ ధర చెల్లించును. ఇంజను పేరు పట్టుకొని వెదకువానికి అనేక ద్వారములు తెరచుకొనును.

బి.ఎం.సి. 1.5 లీటరు డీజిలు ఇంజను ఇందుకు మంచి ఉదాహరణము. దాని పరిమాణము 1,489 ఘన సెంటీమీటర్లు. ఇంగ్లండులో దీనిని వ్యానులలోను, మారిస్ ఆక్స్‌ఫర్డు కార్లలోను, లేలండు 154 వంటి చిన్న ట్రాక్టర్లలోను పెట్టిరి. మన దేశమున హిందూస్థాన్ మోటార్సువారి అంబాసిడరు కారు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనా మీద వచ్చినదే. 1980 ప్రాంతమునుండి మన రోడ్లపై తిరిగిన అంబాసిడరు డీజిలు కారులో ఉన్నది ఈ 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజనే. ఇంగ్లండులో దాని తయారీ నిలిచిన పిమ్మట కూడ మన దేశమున కొనసాగుటచే, ఇచటి భాగములు అచటి పడవలకు అక్కరకు వచ్చినవి. అంబాసిడరు తయారీ 2014 మే నెలలో నిలిచినది. అయినను పాత టాక్సీల మరమ్మతుల కొరకు భాగముల వ్యాపారము వెంటనే మాసిపోలేదు. తరువాతి అంబాసిడర్లలో వేరు ఇంజనులు కూడ వచ్చినవి గనుక, కారు పేరు చెప్పి భాగము కొనుట చాలదు. ఇంజను రకము చెప్పవలెను.

రెండవ ఉదాహరణము మన రైతులకు మరింత పరిచయమైనది. 1930 ప్రాంతమున లిస్టరు కంపెనీ సి.ఎస్. అను ఒక నిదానపు ఇంజనును తయారుచేసినది. సిలిండరు వ్యాసము నాలుగున్నర అంగుళములు, పిస్టను నడక అయిదున్నర అంగుళములు. మొదట నిమిషమునకు 600 చుట్లతో 5 అశ్వశక్తి, తరువాత 650 చుట్లతో 6 అశ్వశక్తి ఇచ్చెడిది. రెండు పెద్ద చక్రములతో దడదడమని నడచు ఈ ఇంజనును ప్రపంచమందు అనేక దేశములలో నీరు తోడుటకును, పిండిమరలకును వాడిరి. అదే నమూనా ఇంజనులను, వాటి భాగములను గుజరాతులోని రాజ్‌కోటు పట్టణపు కర్మాగారములు విస్తారముగా తయారుచేసి విదేశములకు కూడ పంపినవి. పుట్టినచోట తయారీ నిలిచిన ఇంజనుకు రాజ్‌కోటు ఈ విధముగా రెండవ పుట్టినిల్లయినది.

భాగములను మూడు తరగతులుగా విడదీయుట

కావలసిన భాగముల పట్టీ వ్రాసి, వాటిని మూడు తరగతులుగా విడదీసినచో పని సగము తేలికపడును.

మొదటి తరగతి, కొలతను బట్టి ఎచటనైనను దొరకు భాగములు. బాల్ బేరింగులు, ఆయిలు సీళ్లు, వి-బెల్టులు, రబ్బరు రింగులు, గొట్టములు, బోల్టులు, వడపోతలు ఇట్టివి. వీటికి ఇంజను కంపెనీతో పనిలేదు. బేరింగు అంచుమీద 6205 అని యున్నచో, దాని లోపలి వ్యాసము 25, వెలుపలి వ్యాసము 52, మందము 15 మిల్లీమీటర్లు. ఏ దేశపు కంపెనీ చేసినను ఈ కొలతలు మారవు. ఆయిలు సీలును లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము అను మూడు కొలతలతో అడుగవలెను. ఇంజను కంపెనీ పెట్టెలో వచ్చినదానికి ఎక్కువ ధర యుండవచ్చును, లోపలి వస్తువు మాత్రము తరచుగా అదే.

రెండవ తరగతి, ఇంజనుకు సొంతమైన భాగములు. పిస్టను, రింగులు, లైనరు, వాల్వులు, క్రాంకు బేరింగులు, హెడ్డు గ్యాస్కెట్టు, ఇంజెక్టరు నాజిలు ఈ తరగతిలోనివి. వీటికి ఇంజను సంఖ్య, భాగముల పుస్తకములోని సంఖ్య రెండును కావలెను. నాజిలు, ఇంధనపు పంపు సాధారణముగా వేరు కంపెనీ చేసినవై యుండును. వాటిమీద వాటి సంఖ్యలే చెక్కబడి యుండును. ఆ సంఖ్యలతో డీజిలు పంపులు బాగుచేయు వర్క్‌షాపులో అడుగుట మంచిది.

మూడవ తరగతి, పడవకే ప్రత్యేకమైన భాగములు. గేరుబాక్సు, నీటితో చల్లబడు పొగగొట్టపు మూతి, నీటిని త్రిప్పు పంపు మొదలగునవి ఇట్టివి. చాల నారోబోట్లలో ఇంజను నీరు పడవ ప్రక్క రేకునకు ఆనించి అతికిన తొట్టిలోనికి పోయి, బయటి కాలువ నీటివలన చల్లబడి తిరిగి వచ్చును. ఇట్టి భాగములు ట్రాక్టరు అంగడిలో దొరకవు. వీటి కొరకే పడవ సామగ్రి వ్యాపారులను, పాత ఇంజనుల యజమానుల సంఘములను ఆశ్రయించవలెను.

కొలువనిదే కొనరాదు

పాత ఇంజను కంపెనీనుండి వచ్చిన కొలతలతోనే నేటికిని ఉన్నదని అనుకొనరాదు. ఎవరో ఎప్పుడో సిలిండరును బోరింగు చేయించి యుండవచ్చును, క్రాంకును సానపట్టించి యుండవచ్చును. అంగుళములో వెయ్యవ వంతును పనివారు థౌ అందురు. క్రాంకు అరిగినప్పుడు దానిని 10, 20, 30 థౌ చొప్పున సన్నము చేసి, అందుకు తగిన మందపు బేరింగులను వేయుదురు. పిస్టనులు ఇందుకు విరుద్ధము. సిలిండరు పెద్దదైన కొలది 20, 30, 40 థౌ పెద్ద పిస్టను వేయుదురు. విప్పిన పాత బేరింగు వెనుక భాగమున ఈ సంఖ్య ముద్రింపబడి యుండును గనుక, పాత భాగమును పారవేయరాదు. అయినను మైక్రోమీటరుతో క్రాంకును కొలిచిన పిమ్మటనే బేరింగులు తెప్పించవలెను. క్రాంకును నాలుగు దిక్కుల కొలిచి, కోలగా అరిగినదేమో కూడ చూడవలెను. కోలగా ఉన్నదానికి కొత్త బేరింగు వేసినచో ఆ ఖర్చు వృథా.

మరల విషయమున మరొక మోసము కలదు. పాత ఇంగ్లీషు ఇంజనులలో విట్‌వర్తు మరలు ఉండును. తరువాతివాటిలో యూనిఫైడు మరలు వచ్చినవి. అర అంగుళపు విట్‌వర్తు బోల్టునకు అంగుళమునకు 12 మరలు, అర అంగుళపు యూనిఫైడు ముతక బోల్టునకు 13 మరలు. మర కోణము విట్‌వర్తునకు 55 డిగ్రీలు, యూనిఫైడునకు 60 డిగ్రీలు. చూపునకు రెండును ఒక్కటే. మొదటి రెండు చుట్లు చేతితో ఎక్కును, పిదప బిగిసికొనును. బలవంతముగా త్రిప్పినచో పోత ఇనుములోని మర చెడిపోవును. మర గేజిని పెట్టి చూచుటకు పట్టు సమయము ఒక నిమిషము మాత్రమే.

క్రొత్త భాగము వచ్చిన తరువాత

కొత్త భాగమని నమ్మి వెంటనే బిగించరాదు. అసలు కంపెనీ కాక ఇతరులు చేసిన భాగములలో మేలైనవి ఉన్నవి, నాసివి ఉన్నవి. రింగును సిలిండరులో పెట్టి, పిస్టనుతో తిన్నగా లోనికి నెట్టి, రెండు కొనల మధ్య సందును ఫీలరు గేజితో కొలవవలెను. సాధారణ లెక్క ప్రకారము సిలిండరు వ్యాసములో అంగుళమునకు 3 లేక 4 థౌ సందు ఉండవలెను. నాలుగున్నర అంగుళముల సిలిండరుకు ఇది సుమారు 14 మొదలు 18 థౌ అగును. ఇంజను పుస్తకమున వేరు కొలత ఇచ్చియున్నచో దానినే పాటించవలెను. సందు చాలనిచో రింగు వేడికి పెరిగి కొనలు తాకి విరుగును.

కొత్తగా పోత పోసిన దిమ్మ లేక హెడ్డు కొన్నప్పుడు, నూనె, నీరు పారు దారులలో పోత ఇసుక మిగిలి యున్నదేమో చూడవలెను. నమూనా ఇంజనులను తెప్పించుకొనిన విదేశీయులు తరచుగా చెప్పిన లోపమిది. గుప్పెడు ఇసుక నూనెలో కలిసినచో బేరింగులు కొద్ది గంటలలో పాడగును. తీగ బ్రష్షుతో గీకి, కిరోసినుతో కడిగి, గాలి కొట్టి, శుభ్రమైన గుడ్డతో తుడిచి చూచిన పిమ్మటనే అమర్చవలెను.

హెడ్డు గ్యాస్కెట్టు మందము మారినచో పిస్టను తలకును హెడ్డునకును మధ్య ఎడము మారును. మెత్తని సీసపు తీగ ముక్కను పిస్టను మీద పెట్టి, హెడ్డు బిగించి, చక్రమును చేతితో ఒక చుట్టు త్రిప్పి, నలిగిన తీగ మందమును కొలిచిన ఆ ఎడము తెలియును. ఎడము తక్కువైనచో పిస్టను హెడ్డును తాకును, ఎక్కువైనచో ఇంజను ప్రారంభమగుట కష్టమగును.

దొరకని భాగమును చేయించుట

ఎంత వెదకినను దొరకని భాగములు కొన్ని ఉండును. బుష్‌లు, పిన్నులు, షాఫ్టులు లేతు పనివాడు చేయగలడు. పాత భాగమును చూపి "ఇట్లే చేయుము" అని చెప్పినచో అరిగిన కొలతలతోనే కొత్తది తయారగును. అరగని చోట కొలిచి, గీత గీసి, లోహము ఏదో వ్రాసి ఇయ్యవలెను. పగిలిన పోత ఇనుమును సామాన్యపు వెల్డింగు చేసినచో ప్రక్కనే మరల పగులును. నెమ్మదిగా కాచి, నికెలు కడ్డీతో అతుకుట గాని, లోహపు కుట్టు వేయుట గాని తెలిసిన వానికే అప్పగించవలెను. రాగి వాషర్లను ఎర్రగా కాచి నీటిలో ముంచినచో మెత్తబడి తిరిగి పనికివచ్చును.

కనెక్టింగు రాడ్డు, దాని బోల్టులు, ఫ్లై వీలు, గవర్నరు భాగములు మాత్రము ఊరి కొలిమిలో చేయించరాదు. నడచుచుండగా అవి విరిగినచో ఇంజనే కాదు, ప్రక్కన నిలిచిన మనిషి ప్రాణము కూడ పోవును.

నారోబోటు యజమానులు అవలంబించు మరొక ఉపాయము, అదే రకపు పాడైన ఇంజనును తక్కువ ధరకు కొని ఉంచుకొనుట. ఒకదాని క్రాంకు పోయినను హెడ్డు మంచిదై యుండవచ్చును. కొనుటకు ముందు రెండింటి సంఖ్యలను పోల్చి చూడవలెను. ఒకే పేరు గల ఇంజనులలో కూడ ఏండ్లు గడచిన కొలది భాగములు మారుచుండును.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. పాత గ్యాస్కెట్టులలోను, పొగగొట్టమునకు చుట్టిన పట్టీలలోను ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. బ్రిటనులో దాని వాడుకను 1999లో పూర్తిగా నిషేధించిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. అట్టి గ్యాస్కెట్టును పొడిగా గీకరాదు, రాపిడి చక్రము పెట్టరాదు, గాలి కొట్టరాదు. బాగుగా తడిపి, మెల్లగా తీసి, సంచిలో మూసి, పిల్లలకు అందనిచోట ఉంచి, సురక్షితముగా తొలగింపవలెను.

మన రైతులు చేయదగినది

ఇంజను నడచుచుండగానే భాగముల వివరములను సేకరించుట ఉత్తమము. ఆగిపోయిన పిమ్మట, పైరు ఎండుచుండగా వెదకువాడు అడిగిన ధర ఇచ్చి అందినది కొనును. కావున ప్రతి ఇంజనుకు ఒక చిన్న పుస్తకము ఉంచవలెను. అందు ఈ క్రింది వివరములు వ్రాయవలెను.

1. కంపెనీ పేరు, రకము, వరుస సంఖ్య, అశ్వశక్తి, చుట్లు.
2. సిలిండరు వ్యాసము, పిస్టను నడక, వేసియున్న పిస్టను కొలత.
3. క్రాంకు కొలత, బేరింగుల మీది ముద్ర.
4. బాల్ బేరింగుల, సీళ్ల, బెల్టుల సంఖ్యలు.
5. నాజిలు, ఇంధనపు పంపు మీది సంఖ్యలు.
6. ఏ భాగమును ఏ తేదీన, ఎచట కొని, ఎంతకు మార్చినది.

ఊరిలో ఒకే రకపు ఇంజనులు నాలుగైదు ఉన్నచో, ఆ రైతులు కలిసి ఒక నాజిలును, ఒక హెడ్డు గ్యాస్కెట్టును, ఒక జత రింగులను ముందుగా కొని సహకార సంఘమునందు గాని, నమ్మకమైన ఒకరి యింట గాని ఉంచుకొనవచ్చును. ఖర్చు పంచుకొందురు గనుక ఎవరికిని భారము కాదు. గ్రామాధికారులు ఇట్టి ఇంజనుల పట్టీని తయారుచేయించినచో, ఎవరి యింట ఏ పాత ఇంజను మూలపడి యున్నదో అందరికి తెలియును. ఒకరికి తుక్కుగా తోచినది వేరొకరి పైరును నిలుపవచ్చును.

పుస్తకములో వివరములు ఉన్న ఇంజనుకు విడిభాగము సాధారణముగా దొరకును. ఏ వివరమును లేని ఇంజను బాగుగా నడచుచున్నప్పటికిని, మొదటి పెద్ద మరమ్మతు వచ్చిననాడు తుక్కు అంగడికి చేరును.